ఆట ఐచ్ఛికం, కాన్ఫరెన్సు తప్పనిసరి

లాక్రోస్ అనే ఆటకు అమెరికాలో దక్కాల్సిన గౌరవం దక్కింది. ఆ ఆట పేరుతో నడిచే కాలేజీ క్లబ్ కాన్ఫరెన్సులకు, అంటే ప్రాంతాలవారీగా జట్లను కలిపి పోటీలు నడిపే సంఘాలకు, మాత్రం ఇప్పటికీ దక్కలేదు. చివర వలబుట్ట ఉన్న కర్రతో రబ్బరు బంతిని పట్టి, అడ్డొచ్చినవాడి చేతుల మీద నాలుగు తగిలించి గోల్ వేయడం ఎవడైనా చేస్తాడు. కుర్రాళ్ళ చేత వాళ్ళ డబ్బే కట్టించుకుని, వాళ్ళకే నియమావళి చదివి వినిపించడం మామూలు ప్రజ్ఞ కాదు.

తెలియనివారి కోసం ఒక మాట. వార్సిటీ జట్టుకు విశ్వవిద్యాలయం ఖర్చు పెడుతుంది, పైన ఎన్‌సీఏఏ అనే జాతీయ కాలేజీ క్రీడల సంఘం ఉంటుంది. క్లబ్ జట్టుకూ ఆ విశ్వవిద్యాలయం పేరే, ఆ రంగులే. బిల్లు మాత్రం కుర్రాడిది. హెల్మెట్టు, వ్యాను అద్దె, మోటెల్ గదులు, రిఫరీల రుసుము అన్నీ కలిపి ఏడాదికి వేల డాలర్లయ్యే జట్లున్నాయి. దీన్ని కొందరు ముద్దుగా ‘వర్చువల్ వార్సిటీ’ అంటారు. వార్సిటీలో ఉన్నవన్నీ ఇందులోనూ ఉంటాయి, ఒక్క వార్సిటీ తప్ప.

ఈ క్లబ్బులన్నిటికీ జాతీయ ఛాంపియన్‌షిప్ 1997లో మొదలైంది. అప్పట్లో వీటన్నిటినీ నడిపే పెద్ద సంస్థ పేరు యూఎస్ఎల్ఐఏ. 2006 ప్రాంతంలో అది పోయి ఎంసీఎల్ఏ (పురుషుల కాలేజీ లాక్రోస్ సంఘం) వచ్చింది. కర్ర అదే, బంతి అదే, లెటర్‌హెడ్డు మారింది. దాని కింద రాకీ పర్వతాలకొకటి, టెక్సాస్ చుట్టుపక్కలకొకటి, ఆగ్నేయానికొకటి, ఇలా ప్రాంతీయ కాన్ఫరెన్సులు. ఒక్కోదానికీ అధ్యక్షుడు, కోశాధికారి, డివిజన్లు, ఏడాది చివర సన్మానాలు. ప్రేక్షకుల సంగతి అడక్కండి, అది పరిపాలనకు సంబంధించిన విషయం కాదు.

కాన్ఫరెన్సు ఎంత గొప్పదో తెలియాలంటే ఫోర్‌ఫిట్ నియమం చూడాలి. జట్టు మైదానానికి రాకపోతే ఓడినట్టే. స్కోరు 1–0. అదే జట్టు ఒళ్ళు దాచుకోకుండా పది గంటలు వ్యానులో వచ్చి ఆడిందనుకోండి, ఇరవై గోల్స్ తిని పోవచ్చు. అంటే ఇంట్లో పడుకున్న జట్టు రక్షణ వ్యూహమే రికార్డుల్లో మెరుగ్గా కనిపిస్తుంది. గోల్‌కీపరుకు పరీక్షలున్న వారం ఈ సూక్ష్మం చాలామంది కెప్టెన్లకు స్ఫురించే ఉంటుంది.

ఇక మధ్య పశ్చిమాన సెంట్రల్ కాలేజియేట్ లాక్రోస్ అసోసియేషన్ కథ. చదివితే ఎవరికైనా కళ్ళు చెమర్చాలి. అందులో మిషిగన్ విశ్వవిద్యాలయం ఉండేది. ఆ కుర్రాళ్ళు క్రమశిక్షణ తప్పారు, అంటే బాగా ఆడారు. కోచ్ జాన్ పాల్ కింద 2008, 2009, 2010ల్లో వరసగా మూడుసార్లు జాతీయ ఛాంపియన్లయ్యారు. కాన్ఫరెన్సు పెద్దలు అప్పుడే గట్టిగా మందలించాల్సింది. 2011లో విశ్వవిద్యాలయం వాళ్ళను గుర్తించి వార్సిటీ హోదా ఇచ్చేసింది. ఏళ్ళ తరబడి ఫారాలు నింపించి, షెడ్యూళ్ళు వేసి, పెంచి పెద్ద చేసిన కాన్ఫరెన్సుకు మిగిలిందల్లా షెడ్యూలులో ఒక ఖాళీ గడి. ఎన్‌సీఏఏలో మిషిగన్ మొదటి సీజను, 2012: ఒక గెలుపు, పదమూడు ఓటములు. కాన్ఫరెన్సు విడిచిపోతే ఏమవుతుందో ఇంతకంటే రుజువు కావాలా? (తర్వాత 2023లో, 2024లో బిగ్ టెన్ అనే పెద్ద వార్సిటీ కాన్ఫరెన్సు టోర్నమెంటు గెలిచిన సంగతి నా వాదనకు పనికిరాదు కనుక వదిలేస్తున్నాను.) యూటా కూడా ఇదే తోవ పట్టి 2019లో ఎన్‌సీఏఏకి వెళ్ళిపోయింది.

వెళ్ళేవాళ్ళే కాదు, వచ్చేవాళ్ళూ ఉన్నారు. అదే రాష్ట్రంలో మిషిగన్ స్టేట్ అనే మరో విశ్వవిద్యాలయానికి దశాబ్దాలపాటు వార్సిటీ లాక్రోస్ ఉండేది. 1996 సీజను తర్వాత విశ్వవిద్యాలయం దాన్ని ఎత్తేసింది. ఆ తర్వాత అక్కడి కుర్రాళ్ళకు మిగిలింది క్లబ్ ఆటే. పైనుంచి జారినవాడికీ, పైకెక్కబోయేవాడికీ ఒకటే రశీదు పుస్తకం. ఇంతటి సమదృష్టి దేవాలయాల్లో కూడా అరుదు.

సంఘం ముందు, ఆట తర్వాత అన్న సూత్రం అమెరికా కాలేజీలకే పరిమితం కాదు. లాక్రోస్‌ను కనిపెట్టింది హోడెనోషోనీ తదితర ఆదివాసీ జాతులు, వాళ్ళకది పూజ, వైద్యం కూడా. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో వాళ్ళలో ఒక జాతి అయిన మోహాక్‌ల జట్టు ఆడింది. 2028 లాస్ ఏంజెలిస్‌లో ఆట మళ్ళీ వస్తోంది, మన క్రికెట్టుతో పాటే. హోడెనోషోనీలకు మాత్రం జాతీయ ఒలింపిక్ సంఘం లేదు కనుక సొంత జెండాతో ఆడటానికి అడ్డం వచ్చింది. ఆటను పుట్టించారు సరే, కమిటీ వేసుకోవాలన్న ఇంగితం ఉండొద్దూ?

మనవాళ్ళకు దీనితో సంబంధమేమిటంటారా? ఈ క్లబ్బుల జాతీయ పోటీలు ఒకప్పుడు టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో జరిగాయి. ఇవాళ ఆ ఊరి పేరెత్తితే మనకు గుర్తొచ్చేవి ఇళ్ళ ధరలూ, బిర్యానీ హోటళ్ళూ. ‘లాక్రోస్ ఆడితే పెద్ద కాలేజీలో సీటొస్తుందట’ అన్న మాట అక్కడి మన ఇళ్ళలోకీ చేరింది. పిల్లాడికి కర్ర, గ్లౌజులు, భుజాలకు ప్యాడ్లు కొని, వారాంతాలన్నీ మైదానం గట్టున మడత కుర్చీలో గడిపిన ఒక తండ్రిని ఊహించుకోండి. పిల్లాడు కాలేజీలో చేరాడు. మొదటి నెలలోనే ఫోను.

“నాన్నా, జట్టులో తీసుకున్నారు!”

“శభాష్ రా! స్కాలర్‌షిప్ ఎంత?”

“క్లబ్ టీమ్ నాన్నా. ఈ శుక్రవారంలోగా మనమే కట్టాలి. రెండు వాయిదాల్లో కట్టొచ్చట.”