నొప్పి లేదని వదిలేసిన రాయి

కిడ్నీలో రాళ్లున్నాయని చెప్పేవాళ్లు కోనసీమలోనూ, అటు భీమవరం, నరసాపురం వైపూ ఏ వీధిలో అడిగినా ఒకరిద్దరు తగులుతారు. వాళ్లలో చాలామంది ఆ రాయిని నొప్పితోనే కొలుస్తారు. నొప్పి వస్తే ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తారు. ఇంజెక్షన్ చేయించుకుని, ఓ సెలైన్ ఎక్కించుకుంటారు. తెల్లారేసరికి తగ్గితే రాయి పడిపోయిందనుకుంటారు. చిన్న రాళ్ల విషయంలో ఇది కొన్నిసార్లు నిజమే కావచ్చు. పెద్ద రాళ్ల విషయంలో మాత్రం ఈ కొలత కిడ్నీనే పోగొడుతుంది.

నొప్పి ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఇది అర్థమవుతుంది. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వెళ్లే మూత్రనాళం చాలా సన్నగా ఉంటుంది. నాలుగైదు మిల్లీమీటర్ల రాయి అందులోకి జారి అడ్డం పడితే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ ఉబ్బుతుంది. మనిషి మెలికలు తిరిగిపోయేది అప్పుడే. రెండు, మూడు సెంటీమీటర్ల రాయికి ఆ నాళంలోకి దిగే వీలే ఉండదు. కిడ్నీ లోపలే కూర్చుని ఏళ్ల తరబడి పెరుగుతుంది. అప్పుడప్పుడూ నడుము లాగుతుంది, మూత్రంలో మంట వస్తుంది, చలిజ్వరం వచ్చి పోతుంది. ఊడ్పులకు వంగి వంగి నడుం పట్టేసిందని ఆడవాళ్లు, బస్తాలు మోసినందుకని మగవాళ్లు సరిపెట్టుకుంటారు.

అలా పెరిగిన రాయి కిడ్నీ లోపలి గదులన్నిటిలోకీ కొమ్మలు వేస్తే డాక్టర్లు దాన్ని దుప్పి కొమ్ముతో పోల్చి స్టాగ్‌హార్న్ రాయి అంటారు. వీటిలో చాలావాటికి మూలం ఇన్ఫెక్షన్. యూరియాను విడగొట్టే కొన్ని రకాల బ్యాక్టీరియా మూత్రంలో చేరితే ఈ రాయి నెలల్లోనే పెద్దదవుతుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్లు ఆడవాళ్లకు ఎక్కువ కాబట్టి ఇలాంటి రాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. రాయి పొరల మధ్యే బ్యాక్టీరియా దాక్కుని ఉంటుంది. అందుకే యాంటీబయాటిక్ వాడినన్నాళ్లూ తగ్గినట్టుండి, ఆపగానే జ్వరం మళ్లీ వస్తుంది. ఇంకో మోసం కూడా ఉంది. రెండో కిడ్నీ బాగుంటే, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో మామూలుగానే కనిపిస్తుంది. రిపోర్టు బాగుందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే సమయానికి ఒక కిడ్నీ సగం చచ్చిపోయి ఉండొచ్చు. పూర్తిగా పనిచేయడం మానేసిన కిడ్నీలో నొప్పి ఉండకపోవచ్చు కూడా. తగ్గిందనుకున్నది అసలు తగ్గడమే కాదు.

నొప్పి ఇంజెక్షన్ల గురించి ఇక్కడే చెప్పాలి. డైక్లోఫెనాక్ లాంటి మందులు ఒకసారి వాడితే పెద్ద ఇబ్బంది ఉండకపోవచ్చు. కానీ ఎండలో పనిచేసి ఒంట్లో నీరు ఇంకిపోయిన మనిషికి, అప్పటికే రాయితో దెబ్బతిన్న కిడ్నీకి వాటిని మాటిమాటికీ వేస్తే జరిగే నష్టం పైకి కనపడదు.

ఆకుల గురించి మాట్లాడకుండా ఈ విషయం ముగియదు. కొండపిండి ఆకు కషాయం, అరటి దవ్వ రసం, బార్లీ నీళ్లు మన ఇళ్లలో తరాలుగా ఉన్నవే. వాటిని వెక్కిరించాల్సిన పని లేదు. వాటితోపాటు లోపలికి వెళ్లే నీళ్లు మంచే చేస్తాయి. ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లలో ఎక్కువ భాగం ఏమీ చేయకపోయినా వాటంతట అవే పడిపోతాయి, ఆ పేరు ఆకుకు దక్కుతుంది. కానీ రాళ్లలో అత్యధికం కాల్షియంవి, అవి ఏ రసానికీ కరగవు. యూరిక్ యాసిడ్ రాళ్లు ఒక్కటే డాక్టరిచ్చే మందులతో కరిగే అవకాశం బాగా ఉన్న రకం. మూడు సెంటీమీటర్ల కాల్షియం రాయికి ‘కరిగించే మందు’ వాడుతూ గడిపిన ప్రతి ఏడాదీ కిడ్నీ ఖాతాలో నష్టమే.

ఇంత ఆలస్యం చేయడానికి ఒకప్పుడు కారణం ఉండేది. పెద్ద రాయి తీయాలంటే డొక్క పక్కన జానెడు కోత, కొన్నిసార్లు పక్కటెముక ముక్క కూడా తీయాల్సి రావడం, నెలల తరబడి మంచం. ఆ భయం ఇంకా మన ఇళ్లలో ఉంది, వైద్యం మాత్రం ఎప్పుడో మారిపోయింది. వీపు వైపు నుంచి చిన్న దారి చేసి కిడ్నీలోని రాయిని తీయొచ్చని 1976లో స్వీడన్ డాక్టర్లు ఫెర్న్‌స్ట్రామ్, జొహాన్సన్ చూపించారు. 1980లో మ్యూనిక్‌లో బయటి నుంచే తరంగాలతో రాయిని పగలగొట్టే యంత్రం వచ్చింది. అది చిన్న రాళ్లకు బాగానే పనిచేస్తుంది. పెద్దవాటిని పగలగొడితే ఆ ముక్కలు వరసగా మూత్రనాళంలో ఇరుక్కోవచ్చు. అందుకే రెండు సెంటీమీటర్లు దాటిన కిడ్నీ రాయికి ఇప్పటికీ మొదటి ఎంపిక వీపు నుంచి వెళ్లే పద్ధతే. డాక్టర్లు దాన్ని పీసీఎన్ఎల్ అంటారు.

మత్తు ఇచ్చాక మామూలుగా రోగిని బోర్లా పడుకోబెడతారు, కొందరు డాక్టర్లు వెల్లకిలా ఉంచి కూడా చేస్తారు. కింది నుంచి, అంటే మూత్రమార్గం గుండా, సన్నని గొట్టం పంపి కిడ్నీలోకి రంగు మందు ఎక్కిస్తే, ఎక్స్‌రే తెర మీద లోపలి గదులు కనిపిస్తాయి. సరైన గదిని చూసుకుని వీపు నుంచి సూది దింపుతారు. ఆపరేషన్ మొత్తంలో నైపుణ్యమంతా ఈ ఒక్క సూదిలోనే ఉందని నా అభిప్రాయం. ఏ గదిలోకి, ఏ కోణంలో దిగిందన్న దాన్ని బట్టే రాయి ఎంత అందుతుంది, రక్తం ఎంత పోతుంది అన్నవి తేలతాయి. సూది వెంట తీగ వేసి దారిని వెడల్పు చేసి గొట్టం అమరుస్తారు. పాత పద్ధతిలో ఈ దారి ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్లు, ఇప్పుడు మినీ పద్ధతిలో ఐదారు మిల్లీమీటర్లు చాలు. అందులోంచి కెమెరా పంపి, లేజర్‌తోనో గాలి ఒత్తిడితో కొట్టే పరికరంతోనో రాయిని పగలగొట్టి ముక్కలు బయటికి తీస్తారు. ఈ పద్ధతిని మెరుగుపరచడంలో మన దేశం వెనకబడి లేదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల సూది దారిలోంచే చిన్న రాళ్లు తీసిన మైక్రోపెర్క్ పద్ధతి 2011లో వెలుగులోకి రావడంలో గుజరాత్‌లోని నడియాద్ కిడ్నీ ఆసుపత్రి డాక్టర్ల పాత్ర పెద్దది.

రంధ్రం చిన్నదే, ఆపరేషన్ మాత్రం చిన్నది కాదు. కోత లేదు, కుట్లు లేవు, మూడు రోజుల్లో ఇంటికి అని బోర్డుల మీద రాసి ఉన్నదాంట్లో అబద్ధం లేకపోవచ్చు, కానీ సగమే చెబుతుంది. మన రెండు కిడ్నీల్లోంచి నిమిషానికి లీటరు దాకా రక్తం ప్రవహిస్తుంది. అంత రక్తం నిండిన అవయవానికి దారి చేస్తున్నారు. కొద్దిమందికి రక్తం ఎక్కించాల్సి వస్తుంది. చాలా అరుదుగా, ఇంటికొచ్చిన వారం పది రోజులకు కూడా మూత్రంలో ఎర్రగా రక్తం వస్తుంది. అప్పుడు రక్తనాళాన్ని లోపలి నుంచే మూయగల ఆసుపత్రికి వెంటనే చేరాలి. వీపు మీద నొప్పి లేదని పది రోజులకే కొబ్బరి చెట్టెక్కేవాళ్లు, చెరువు గట్టు మీద మేత బస్తాలు ఎత్తేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. నొప్పి లేకపోవడం ఇక్కడ కూడా తప్పు సాక్ష్యమే చెబుతుంది.

ఇన్ఫెక్షన్ ఇంకా పెద్ద ప్రమాదం. మూత్రంలో ఏ బ్యాక్టీరియా ఉందో చూసే కల్చర్ పరీక్ష చేయించకుండా, దొరికిన బ్యాక్టీరియాకు ముందే మందు వాడకుండా రాయిని పగలగొడితే అందులో దాక్కున్నది రక్తంలో కలవొచ్చు. అలా ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకడాన్నే సెప్సిస్ అంటారు, అది ప్రాణం మీదికి తెస్తుంది. కాబట్టి రోగి బంధువులు అడగాల్సిన మొదటి ప్రశ్న ఖర్చు గురించి కాదు. కల్చర్ రిపోర్టు వచ్చిందా, సీటీ స్కాన్‌లో రాయి ఎంత ఉంది, రక్తం పలచబడే మాత్రలు ఎప్పుడు ఆపాలి, ఒక్కసారిలో రాయంతా రాకపోతే రెండోసారి ఎప్పుడు అని అడగాలి.

ప్రతి ఊళ్లో ఈ ఆపరేషన్ జరగాలని కోరేవాళ్లతో నేను ఏకీభవించను. తరచూ చేసే చేతులున్న చోటే ఇది జరగాలి. కాకినాడ, రాజమండ్రి, భీమవరం, ఏలూరు ఇప్పుడు ఎవరికీ మరీ దూరం కావు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద పేదలకు ఈ చికిత్స అందుతుంది కూడా. కొరతల్లా దానికి ముందూ వెనకా ఉంది. రాజోలు, పాలకొల్లు లాంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రిలో నిత్యం అల్ట్రాసౌండ్ తీసే మనిషి, మూత్రం కల్చర్ చేసే ల్యాబ్ ఉంటే, రాయి ఒక సెంటీమీటరు ఉండగానే బయటపడుతుంది. అప్పుడు వీపు నుంచి దారే అక్కర్లేకపోవచ్చు. కింది నుంచి సన్నని కెమెరాతో వెళ్లి లేజర్‌తో పని కానిచ్చే వీలు ఎక్కువగా ఉంటుంది.

నీళ్ల సంగతీ అంతే. ఉప్పునీళ్ల వల్లే రాళ్లు వస్తున్నాయని డెల్టా చివరి ఊళ్లలో గట్టి నమ్మకం. నీటిలో ఉన్న లవణాల కన్నా, మనిషి తాగే నీరు చాలకపోవడమే పెద్ద కారణం. ఉప్పగా ఉన్న నీళ్లు ఎవరూ కడుపునిండా తాగరు. వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేశాక చెరువు అడుగంటుతుంది, డబ్బా నీళ్లు కొనుక్కోవాలి. పొలంలో మరుగు లేక ఆడవాళ్లు నీళ్లు తాగడమే తగ్గిస్తారు. రోజుకు రెండు, రెండున్నర లీటర్ల మూత్రం రావాలంటే, చెమట పట్టే పనిలో మూడు లీటర్లకు మించే తాగాలి. ఆ నీరు అందించకుండా నీళ్లు ఎక్కువ తాగమని సలహా ఇచ్చి ఊరుకోవడం అన్యాయం. తిండిలో అందరూ పాలు మానేస్తారు, అది పొరపాటు. తగినంత కాల్షియం తిండిలో ఉంటేనే, దానితో కలిసి రాళ్లు కట్టే ఆక్సలేట్ అనే పదార్థం పేగులోనే ఆగుతుంది. తగ్గించాల్సింది ఉప్పు. ఆవకాయ, ఎండుచేప రోజూ ఉండే ఇంట్లో ఇది తేలిక కాదని తెలుసు.

చివరిగా పైపు. ఆపరేషన్ తర్వాత చాలామందికి, మూత్రం సాఫీగా దిగడానికి కిడ్నీ నుంచి మూత్రాశయం దాకా డీజే స్టెంట్ అనే సన్నని పైపు లోపల వేస్తారు. అది కొన్ని వారాలు మాత్రమే ఉండాలి. బాధ పెట్టకపోతే మర్చిపోతారు. ఏడాది తర్వాత దాని చుట్టూ కొత్త రాళ్లు కట్టి ఉండొచ్చు, దాన్ని తీయడానికే మరో పెద్ద ఆపరేషన్ కావాల్సి రావచ్చు. స్టెంట్ వేసిన ప్రతి ఆసుపత్రీ రోగి పేరు, స్టెంట్ తీయాల్సిన తేదీ ఆ ఊరి ఏఎన్ఎంకు పంపాలని ప్రభుత్వం ఒక నిబంధన పెట్టొచ్చు. పథకం కింద బిల్లులో కొంత భాగం స్టెంట్ తీశాకే చెల్లించొచ్చు. తీసిన రాయిని పరీక్షకు పంపిన రిపోర్టు కూడా ఆ ఫైల్లో ఉండాలి. ఇన్ఫెక్షన్ రాయైతే నెలనెలా మూత్ర పరీక్ష ఎవరికి చేయించాలో ఆ కాగితం చూస్తేనే ఏఎన్ఎంకు తెలుస్తుంది.