పాలు ఖతార్‌వే, గడ్డి ఎక్కడిది?

2017 జూన్ 5. రంజాన్ నెల నడుస్తోంది. ఆ రోజు సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్టు ఒక్కసారిగా ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. ఖతార్‌కు నేల మీద సరిహద్దు ఉన్నది సౌదీతో మాత్రమే. ఆ సల్వా దారి మూతపడగానే పాలు, పెరుగు, కోళ్లు, కూరగాయలు తెచ్చే లారీలు ఆగిపోయాయి. దేశం తినే తిండిలో దాదాపు 40 శాతం అటు నుంచే వచ్చేదని అప్పటి అంచనా. దోహా సూపర్ మార్కెట్లలో జనం ఎగబడ్డారు. పాల అరలు ముందుగా ఖాళీ అయ్యాయి.

కొద్ది రోజుల్లోనే టర్కీ నుంచి పాలు, పెరుగు, ఇరాన్ నుంచి కూరగాయలు విమానాల్లో దిగాయి. దుబాయ్‌లోని జెబెల్ అలీ రేవు మీదుగా వచ్చే సరుకు ఒమన్‌లోని సోహార్, సలాలా రేవుల వైపు మళ్లింది. జులైలో ఏకంగా ఆవులే విమానమెక్కాయి. బలద్నా అనే కంపెనీ తొలి విడతగా 165 హోల్‌స్టీన్ జాతి పాడి ఆవులను దింపింది. దోహాకు ఉత్తరాన ఎడారిలో చల్లటి షెడ్లు కట్టి వేల ఆవులను పెంచింది. అంతకుముందు సౌదీ పాలు తాగిన దేశం రెండేళ్లు తిరక్కుండానే పాలు ఎగుమతి చేసింది. బలద్నా అంటే అరబ్బీలో ‘మా దేశం’ అని అర్థం.

ఈ విజయగాథను అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకోవాల్సిందే. కానీ పశువులను పెంచిన ఇంట్లో పుట్టిన ఎవరికైనా వెంటనే వచ్చే సందేహం ఒకటుంది. ఏడాదికి సగటున 80 మిల్లీమీటర్లు కూడా సరిగా వాన పడని చోట అన్ని ఆవులకు మేత ఎక్కడిది? చాలావరకు ఓడల్లోనే వస్తుంది. అంటే పాల డబ్బా రావడం తగ్గి, గడ్డిమోపు రావడం పెరిగింది. ఎండుగడ్డిని, దాణాను నెలల తరబడి నిల్వ చేసుకోవచ్చు కాబట్టి ఇందులో లాభం లేకపోలేదు. పరాధీనత మాత్రం పోలేదు, రూపం మారిందంతే.

పక్కనే ఉన్న సౌదీ ఈ పాఠాన్ని ఇంకా ఖరీదుగా నేర్చుకుంది. 1970ల చివర్లో గోధుమలో స్వయంసమృద్ధి సాధించాలని పూనుకుని, ప్రపంచ ధరకు ఎన్నో రెట్లు చెల్లించి సొంత రైతుల పంట కొన్నది. 1990ల తొలినాళ్లకు దిగుబడి దాదాపు 40 లక్షల టన్నులకు చేరింది. ఎడారి దేశం గోధుమలు ఎగుమతి చేస్తోందంటే లోకం నోరు వెళ్లబెట్టింది. ఆ పంటకు తోడిన నీరు వేల ఏళ్ల కిందట భూమిలో ఇంకింది, మళ్లీ ఊరేది కాదు. విత్తనపు గింజలు వండుకు తిన్నట్టయింది. 2008లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. స్థానిక గోధుమ కొనుగోళ్లను ఏటా తగ్గించుకుంటూ 2016 నాటికి ఆపేసింది.

నా ఉద్దేశంలో ఎడారి దేశానికి ఆహార భద్రత అంటే ఎన్ని దారులున్నాయి, ఎన్ని నెలల నిల్వ ఉంది అన్న లెక్క. పొలాల లెక్క దాని తర్వాతే. ఖతార్‌ను అసలు నిలబెట్టింది ఆవుల కన్నా ఎక్కువగా 2017 సెప్టెంబర్‌లో లాంఛనంగా ప్రారంభించిన హమద్ రేవు. పెద్ద ఓడలు నేరుగా అక్కడికే రావడంతో దుబాయ్ దయ అక్కర్లేకపోయింది. అయినా ఆ ఓడలన్నీ గల్ఫ్ ముఖద్వారమైన హర్ముజ్ జలసంధి దాటే రావాలి. ఆ ఇరుకు దారికి సముద్రంలో మరో ప్రత్యామ్నాయం లేదు.

ఇక ఈ లెక్కల్లో ఎవరూ పెద్దగా మాట్లాడనిది కూలివాడి కంచం. ఖతార్ జనాభాలో దాదాపు 90 శాతం విదేశీయులు. జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మనవాళ్లూ అందులో ఉన్నారు. 2023 జులై 20న భారత్ బాస్మతియేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. దేశంలో ధరలు అదుపు చేయడానికే ఆ పని చేసింది. బాస్మతికి మాత్రం తర్వాత కనీస ఎగుమతి ధర పెట్టి ఊరుకుంది. ఫలితం చూడండి: యజమాని ఇంటి బిర్యానీ బియ్యం ఓడెక్కుతూనే ఉంది, కార్మికుడు రోజూ వండుకునే సోనా మసూరి ఆగింది. మిర్యాలగూడ మిల్లులో ఆడిన బియ్యం ఆ పక్క జిల్లాల నుంచి వెళ్లిన మనిషికే అందకుండా పోయింది. 2024 సెప్టెంబర్‌లో నిషేధం ఎత్తేసేదాకా పరిస్థితి అదే. యూఏఈ అయితే భారత బియ్యం తన నేల దాటిపోకుండా నాలుగు నెలలు పునరెగుమతులను ఆపేసింది.

రంజాన్ వస్తే ఖతార్ ప్రభుత్వం వందలాది సరుకుల ధరలు తగ్గిస్తుంది, అది అందరికీ మేలే. రాయితీ గొర్రెమాంసం మాత్రం పౌరులకే. కార్మికుడికి ఉన్న ఆధారం 2021 మార్చి 20న అమల్లోకి వచ్చిన కనీస వేతన చట్టం: నెలకు 1,000 రియాళ్ల జీతం, యజమాని తిండి పెట్టకపోతే అదనంగా 300 రియాళ్లు. రోజుకు 10 రియాళ్లు, మూడు పూటలకూ. గల్ఫ్‌లో ఇలాంటి చట్టం తేవడం చిన్న విషయం కాదని ఒప్పుకుంటూనే అడుగుతున్నాను. ఉల్లి, టమాటా ధరలు మారుతుంటే 300 అంకె ఎందుకు కదలకూడదు? కూరగాయలు, పండ్లు, చేపల గరిష్ఠ ధరల పట్టికను ఖతార్ వాణిజ్య శాఖ ఎలాగూ వెలువరిస్తోంది. దానికి బియ్యం, పప్పు, నూనె కూడా చేర్చి, భోజన భత్యాన్ని ఆ పట్టికతో ముడిపెట్టి ఏటా సవరించవచ్చు. ఆవులను విమానంలో తెచ్చుకోగలిగిన దేశానికి ఇది భారం కాదు.