ఎండలు, ఈదురుగాలులు, కార్చిచ్చు: హెచ్చరిక ఎవరి కోసం?

ఏటా ఫిబ్రవరి నెలాఖరుకు భారత వాతావరణ విభాగం వేసవి అంచనా వెలువడుతుంది. మర్నాడు పత్రికల్లో దాదాపు ఒకటే శీర్షిక: ఈసారి ఎండలు మండిపోతాయి. మార్చి ఆఖర్లో ఏప్రిల్-జూన్ అంచనా వస్తే మళ్లీ అదే మాట. సాధారణం కంటే వేడి ఎక్కువుంటుందా, వడగాడ్పుల రోజులు పెరుగుతాయా అన్నంతవరకు ఆ అంచనా పనికొస్తుంది. కానీ తెలుగు రాష్ట్రాల్లో మామిడి రాల్చేది, రేకులు లేపేది, స్తంభాలు కూల్చేది ఏదో ఒక సాయంత్రం వచ్చిపడే అరగంట గాలి. ఆ సాయంత్రం ఫలానా రోజని మూడు నెలల ముందు ఎవరూ చెప్పలేరు. రెండు మూడు గంటల ముందు చెప్పగలరు, చెబుతున్నారు కూడా. చెప్పిన తర్వాత ప్రభుత్వ యంత్రాంగంలో ఏం కదులుతోందన్నదే నా ప్రశ్న.

ఎండ వేరు, గాలివాన వేరు అన్నట్టు మాట్లాడుకుంటాం గానీ రెండూ ఒకే పొయ్యి మీద కాగేవి. వేసవిలో విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమ మీదుగా తమిళనాడు దాకా తరచుగా ద్రోణి, అంటే గాలి ఒత్తిడి తక్కువగా ఉండే పొడవాటి పట్టీ, ఏర్పడుతుంది. దానికి ఒకవైపు లోపలి ప్రాంతాల పొడిగాలి, మరోవైపు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి. పొద్దుటి నుంచి కాగిన నేల ఆ తేమను పైకి లేపుతుంది. మధ్యాహ్నం మూడు, నాలుగయ్యేసరికి ఉరుముల వాన తెచ్చే నిలువెత్తు క్యుములోనింబస్ మేఘాలు కమ్ముకుంటాయి. మేఘం నుంచి జారిన వాన కింద ఉన్న పొడిగాలిలో ఆవిరవుతూ దాన్ని చల్లబరుస్తుంది. బరువెక్కిన ఆ గాలి ఒక్కసారిగా కిందికి దిగి, నేలను తాకి నలుదిక్కులా కొడుతుంది. గంటకు 50, 60 కిలోమీటర్ల ఈదురుగాలులంటే ఇవే. పగలు ఎండ దంచికొట్టిన ఊళ్లోనే సాయంత్రానికి వడగళ్లు పడటం ఇందుకే.

ఎండను తక్కువ చేయడం లేదు. 2015 వేసవిలో వడదెబ్బకు ఆంధ్రప్రదేశ్‌లో 1,300 మందికి పైగా, తెలంగాణలో 500 మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బ తర్వాత కొంత మార్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ ఇప్పుడు ఏ మండలంలో వడగాడ్పులు వీస్తాయో ముందురోజే ప్రకటిస్తోంది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు నాలుగు లక్షల పరిహారం ఖరారు చేసింది. ఎండ విషయంలో కదిలినంతగా గాలివాన విషయంలో యంత్రాంగం ఇంకా కదల్లేదు.

ధాన్యం కొనుగోలు కేంద్రాన్నే తీసుకోండి. తెలంగాణలో యాసంగి అని, కోస్తాలో దాళ్వా అని పిలిచే రబీ ధాన్యం కేంద్రాలకు వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో. అంటే సరిగ్గా గాలివానల కాలం. తేమ 17 శాతం మించితే ధాన్యం తీసుకోరు. అందుకని రైతు దాన్ని ఆరుబయట ఆరబోస్తాడు, పొద్దున్నే తిరగేస్తాడు, సాయంత్రం కుప్ప చేస్తాడు. తేమ తగ్గాక గన్నీ సంచులు ఉండవు. సంచులొస్తే హమాలీలు దొరకరు. కాంటా అయ్యాక లారీ రాదు. ఇన్ని రోజులూ ధాన్యం ఆకాశం కిందే ఉంటుంది. గాలి లేచినప్పుడు చూడాలి: పరదా అంచుల మీద పెట్టిన రాళ్లు, ఇటుకలు దొర్లిపోతాయి, పట్టా పైకి లేస్తుంది, ఆలుమగలు చెరో కొస మీద కూర్చుంటారు. వాన నిలిచేసరికి కుప్ప అడుగు నుంచి నీళ్లతో పాటు వడ్లు కాలువలోకి జారుతుంటాయి. మిగిలినవి రెండు మూడు రోజుల్లో మొలకెత్తుతాయి. తడిసిన ధాన్యాన్నీ కొంటామని మంత్రులు ప్రకటిస్తారు. తరుగు పేరుతో ఆ భారం మళ్లీ రైతు మీదే పడుతుంది.

ఆ రైతు ఫోన్‌కు ఆరోజు మధ్యాహ్నం హెచ్చరిక వచ్చే ఉంటుంది. వచ్చి ఏం లాభం? పరదా అతను తెచ్చుకున్నదే, లారీ మాత్రం అతని చేతిలో లేదు. 2023 మార్చిలో వడగళ్లు కురిసినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఎకరానికి 10 వేలు ప్రకటించింది. నష్టపోయాక సాయం చేయడం అవసరమే, కాదనను. కానీ ముందే పది లారీలు ఎక్కువ పంపితే తప్పే నష్టానికి పరిహారం లెక్కలు వేసుకోవడం ఏం తెలివి?

మనుషుల ప్రాణాల విషయంలోనూ ఇదే తంతు. 2024 మే 7న హైదరాబాద్ బాచుపల్లిలో గాలివానకు నిర్మాణంలో ఉన్న గోడ కూలి, పక్కన రేకుల షెడ్లలో ఉంటున్న ఏడుగురు చనిపోయారు. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి పనికొచ్చిన కుటుంబాలు, అందులో నాలుగేళ్ల పిల్లవాడు. తెలుగులో వచ్చే ఎస్సెమ్మెస్ వాళ్లకేం చెబుతుంది? చెప్పినా, ఆ రాత్రి ఎక్కడికెళ్తారు? గోడ పక్కన షెడ్డు వేయించినవాడికి, దానికి అనుమతిచ్చిన అధికారికి చేరాల్సిన హెచ్చరిక అది.

పిడుగుల విషయంలో మనకు అనుభవం తక్కువేం కాదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగు ఎటువైపు వస్తోందో చెప్పే దామిని యాప్ ఉంది. కానీ పశువుల కాపరులు, కూలీలు పనిచేసే చేను చుట్టూ చెట్టు తప్ప నీడ ఉండదు. ఉరిమినప్పుడు చెట్టు కిందికి వెళ్లొద్దంటే సరిపోదు, వెళ్లడానికి ఇంకో చోటు చూపించాలి. ఉపాధి హామీ పనులు జోరుగా సాగే నెలలూ ఇవే. మధ్యాహ్నంలోపు పని ముగించి ఇళ్లకు పంపే అధికారం ఊళ్లో ఆ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌కు ఇస్తే, వడదెబ్బ, పిడుగు రెండింటి నుంచీ కాపాడినట్టే.

ఇక అడవి. నల్లమలలో ఫిబ్రవరికే ఆకు రాలిపోతుంది, బోద గడ్డి ఎండి నిలబడుతుంది. అక్కడి మంటలు దాదాపు అన్నీ మనుషులు పెట్టినవే: తునికాకు చిగురు బాగా రావాలని, ఇప్పపువ్వు ఏరడానికి నేల శుభ్రపడాలని, లేదా శ్రీశైలం రోడ్డులో కారు ఆపి వండుకుని నిప్పు ఆర్పకుండా వెళ్లిపోయి. వాన పడని ఉరుముల రోజున గాలి ఒక్కటే వస్తే ఆ నిప్పు గుట్టలెక్కుతుంది. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు తిరుమల మీదికి రావాల్సి వచ్చింది. ఇప్పుడు ఉపగ్రహం మంటను పసిగట్టి అటవీ సిబ్బందికి సమాచారం పంపుతోంది. కానీ ఆ గుట్ట ఎక్కి, బ్లోయర్‌తో ఆకు ఊడ్చి, మంట ముందు దారి తెంచేది వేసవి మూడు నెలలకు పెట్టుకున్న ఫైర్ వాచర్. వాళ్లలో చాలామంది చెంచులు. అడవి గాలి ఎటు తిరుగుతుందో వాళ్లకంటే తెలిసినవాళ్లు లేరు. వాళ్లను ఏడాది పొడవునా ఉద్యోగంలో ఉంచుకోవాలి, కూలి నెలనెలా ఇవ్వాలి.

వాతావరణ విభాగం హెచ్చరికలకు వాడే రంగులకు అర్థాలున్నాయి. పసుపంటే గమనించండి, నారింజంటే సిద్ధంగా ఉండండి, ఎరుపంటే రంగంలోకి దిగండి. ఈ మాటలు ముందుగా అధికారులకు వర్తించాలి. జిల్లాకు ఆరెంజ్ అలర్ట్ వచ్చిన రోజు కొనుగోలు కేంద్రంలో కాంటా అయిన బస్తా రాత్రికి అక్కడ ఉండకూడదు. ఉండి తడిస్తే నష్టం పౌరసరఫరాల శాఖ ఖాతాలో పడాలి. విద్యుత్ లైన్ల మీది కొమ్మలు ఏప్రిల్ దాటకముందే కొట్టేయాలి. రేకుల షెడ్లలోని కూలీలకు ఆ రాత్రికి బడి తలుపులు తెరవాలి. ఇందులో కొత్త రాడార్లు కావాల్సింది ఏదీ లేదు. కలెక్టర్ ఒక్క ఉత్తర్వు మీద సంతకం పెడితే, వచ్చే వేసవి నుంచే అమలు చేయొచ్చు.