మంగోలియా రాజధాని తెలుసు, మన కరెంటు మీటరు తెలియదు

పొద్దున్నే ఫోన్లో పది ప్రశ్నల క్విజ్ ఆడటం నాకు కొన్నేళ్లుగా అలవాటు. మంగోలియా రాజధాని ఏది, శని చుట్టూ ఉన్న వలయాలు దేనితో తయారయ్యాయి, ఇలాంటివి. పదికి ఎనిమిది వచ్చాయంటే ఆ రోజంతా నడకలో కొంచెం దర్జా ఉంటుంది. ఆ దర్జాలో ఉండగానే ఒకరోజు మా అబ్బాయి అడిగాడు: "నాన్నా, రెండు వేల వాట్ల గీజరు ఆగకుండా అరగంట పనిచేస్తే అయ్యే కరెంటుతో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఎన్ని గంటలు వెలుగుతుంది?"

పది గంటలన్నాను. తడుముకోకుండా అన్నాను, అదీ అసలు విషయం. జవాబు 111 గంటలు. అంటే నాలుగున్నర రోజులకు పైనే. గదిలో లైటు ఆర్పలేదని వాణ్ణి ఎన్ని సంవత్సరాలు తిట్టానో వాడికి గుర్తుంది. ఆ రోజు మాత్రం మర్యాదగా ఏమీ అనలేదు.

లెక్క చూస్తే పెద్ద బ్రహ్మవిద్య కాదు. వెయ్యి వాట్ల వస్తువు గంటసేపు పనిచేస్తే ఒక యూనిట్. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించాలంటే దాదాపు 4.2 కిలోజౌళ్ల శక్తి కావాలి. పదిహేను లీటర్లను 30 డిగ్రీలు పెంచితే సుమారు 1,890 కిలోజౌళ్లు. ఒక యూనిట్ అంటే 3,600 కిలోజౌళ్లు కాబట్టి ఒక్క స్నానానికి అర యూనిట్ దాటుతుంది. ఇంట్లో కరెంటు తినేవి వేడిచేసేవీ చల్లబరిచేవీ. కళ్లకు కనిపించేది మాత్రం వెలుగు. కనిపించేదాని మీదే మన కోపమంతా.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. జనరల్ నాలెడ్జ్ విషయంలో మనది అదే వరస. దూరంగా ఉన్నదే జ్ఞానం అనుకుంటాం. నదుల పొడవులు, యుద్ధాల తేదీలు, అవార్డుల జాబితాలు ఉంటే అది క్విజ్. ఇంటి ఖర్చు గురించి అడిగితే మాత్రం అది క్విజ్ కాదు, సంసారం. రోజువారీ క్విజ్‌లో ఇంటి లెక్కలు కలపడం మొదట నాకూ వింతగానే అనిపించింది. ఇప్పుడు మాత్రం క్విజ్‌కు ఇంతకంటే మంచి ఉపయోగం లేదనిపిస్తోంది.

కారణం, క్విజ్ నేర్పే పద్ధతిలోనే ఉంది. 2006లో రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. కొందరు ఒక పాఠాన్ని మళ్లీ చదివారు, కొందరు చదివింది గుర్తు తెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవారిదే పైచేయి. వారం తర్వాత చూస్తే గుర్తు తెచ్చుకుని రాసినవారు ముందున్నారు. నాకు ఇంకా బాగా నచ్చింది 2001లో బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ చూపించిన సంగతి. ఎంత నమ్మకంగా తప్పు చెబితే, సరైన జవాబు తెలిశాక అది అంత గట్టిగా నాటుకుంటుంది. అనుమానంగా చెప్పిన తప్పు అంత సులువుగా దిద్దుకోదు. నా పది గంటలు, వాడి 111 గంటలు ఈ జన్మకు మరచిపోను.

ఇంటి ఖర్చుల్లో మన తప్పులన్నీ నమ్మకంగా చేసేవే. నెలకు మూడు శాతం వడ్డీ అంటే ఏడాదికి 36 అని ఠక్కున చెబుతాం. కట్టకుండా వదిలేస్తే వడ్డీ మీద వడ్డీ పడి ఏడాది తిరిగేసరికి 42 శాతం దాటుతుంది. ధర మారకుండా ప్యాకెట్ బరువు పది శాతం తగ్గితే, ధర పది శాతం పెరిగినట్టే అనుకుంటాం. నిజానికి పెరిగింది 11 శాతానికి పైనే. ఇక "యాభై శాతం అదనం" అన్న బోర్డు, "మూడో వంతు తగ్గింపు" అన్న బోర్డు పక్కపక్కన ఉంటే మొదటిదాని దగ్గర ఆగనివారు అరుదు. గ్రాముకు పడే ధర చూస్తే రెండూ ఒకటే.

ఇది మన ఒక్కరి బలహీనత కాదు. అన్నమారియా లుసార్డి, ఒలీవియా మిచెల్ అనే ఆర్థికవేత్తలు 2004లో అమెరికాలో యాభై దాటినవారిని మూడే మూడు ప్రశ్నలు అడిగించారు. పొదుపు ఖాతాలో 100 ఉంటే, ఏడాదికి రెండు శాతం వడ్డీతో అయిదేళ్లకు 102 కంటే ఎక్కువ అవుతుందా, సరిగ్గా 102 అవుతుందా, తక్కువ అవుతుందా అన్నది మొదటిది. వడ్డీ ఒక శాతం, ధరల పెరుగుదల రెండు శాతం అయితే ఏడాది తర్వాత ఆ డబ్బుతో ఎక్కువ కొనగలమా, తక్కువా అన్నది రెండోది. మూడోది ఒకే కంపెనీ షేరు కొనడం గురించి. మొదటి రెండూ సరిగ్గా చెప్పినవారు దాదాపు సగం మంది. మూడూ చెప్పినవారు మూడో వంతే. ఇల్లూ పిల్లలూ అప్పులూ అన్నీ చూసిన వయసు వారిది!

అయితే ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. బొటాబొటి ఆదాయంతో నడిచే ఇంట్లో ఈ క్విజ్ పెడితే నవ్వుతారు. ఏది ఎంత పెరిగిందో వాళ్లకు చేతివేళ్ల మీద ఉంటుంది, తెలియకపోతే నెల గడవదు కనుక. ఇలాంటి ప్రశ్నలకు తెల్లముఖం వేసేది బిల్లు తెరవకుండానే కట్టేయగలిగే నాబోటివాళ్లు. క్విజ్‌తో అద్దె తగ్గదు, జీతం పెరగదు. ఖర్చు సమస్యంతా జనానికి లెక్కలు రాకపోవడం వల్లే అన్నట్టు మాట్లాడేవారిని చూస్తే నాకు చిరాకు.

ఇంకో ప్రమాదం, రోజుకొక్కసారే అన్న పద్ధతిలో ఉంది. 2021 అక్టోబరులో జనంలోకి వచ్చిన వర్డిల్ అనే ఇంగ్లీషు పదాల ఆట రోజుకు ఒకే పజిల్ ఇచ్చి ప్రపంచాన్ని కట్టిపడేసింది. నిన్నటిదాకా వచ్చిన వరస ఇవాళ తెగిపోతుందేమో అన్న టెన్షన్ మనల్ని లాక్కొస్తుంది. గెలిచే ఆనందం కన్నా పోగొట్టుకునే బాధ పెద్దదని కానెమన్, ట్వెర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే చెప్పారు. ఆ బలహీనత పట్టుకునే కొన్ని యాప్‌లు రోజూ ఒక ప్రశ్న అడిగి, జవాబు చెప్పగానే కూపన్ చేతిలో పెడతాయి. ఖర్చు తగ్గించుకోవడం నేర్చుకుందామని కూర్చున్నవాడు అవసరం లేనిది కొని లేస్తాడు. బహుమతి ఉన్న క్విజ్‌లో ఇంటి ఖర్చుల ప్రశ్న కనిపిస్తే, ఆ ప్రశ్న ఎవరు అడుగుతున్నారో ముందు చూడాలి.

మా ఇంట్లో బహుమతి లేదు. రోజుకు ఒకే ప్రశ్న, అడిగే వంతు మారుతూ ఉంటుంది. బిల్లు వచ్చిన రోజున మాత్రం ప్రశ్న ఒకటే: తెరవకముందు అందరూ ఒక అంకె చీటీ మీద రాయాలి. ఇప్పటిదాకా ఎక్కువసార్లు దగ్గరగా వచ్చింది మా ఆవిడ. ఆవిడ ఏ క్విజ్ యాప్ వాడదు, పోయిన నెల పద్దు చూసి రాస్తుంది. అది కాపీ కొట్టడమని నా అభ్యంతరం. అదే లెక్క అని ఆవిడ వాదన.

పోయిన వారం ప్రశ్న ఆవిడదే. కుళాయి సెకనుకొక చుక్క కారుతుంటే రోజుకు ఎన్ని నీళ్లు పోతాయి? చుక్కను పావు మిల్లీలీటరు అనుకోవచ్చంది. రోజుకు 86,400 సెకన్లు, నాలుగు వేల చుక్కలకు ఒక లీటరు, కాబట్టి ఇరవై ఒకటిన్నర లీటర్ల పైచిలుకు అని కాగితం లేకుండా చెప్పేశాను. సరైన జవాబే. ఆవిడ మెచ్చుకుంటుందనుకున్నాను. వాష్‌బేసిన్ వైపు చూసింది. అక్కడి కుళాయి రెండు నెలలుగా కారుతోంది, వాషర్ మార్పించే పని నాది.