నైస్ అంటే 'బాగుంది' ఒక్కటే కాదండీ

'నైస్' అంటే బాగుంది అని ఒక్క ముక్కలో తేల్చేశారు ఒక వ్యాసంలో, అది చదివాక ఊరుకోలేకపోయాను. దాని మూలం లాటిన్‌లో 'నెస్కియుస్', అంటే ఏమీ తెలియనివాడు. పాత ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు తెలివితక్కువ అనే అర్థమే, తర్వాత ప్రతిదానికీ వంకలు పెట్టే అని, ఆపైన సూక్ష్మమైన అని మారుతూ వచ్చి 18వ శతాబ్దానికి గానీ ఇప్పటి అర్థం స్థిరపడలేదు. 'నైస్ డిస్టింక్షన్' అంటే ఇప్పటికీ మంచి తేడా కాదు, సన్నని తేడా! నాకైతే మన పిండిమర దగ్గర వాడే 'నైస్' మాటే ఈ 'సన్నని' అర్థానికి దగ్గరగా అనిపిస్తుంది. "జంతికలకి, నైస్‌గా పట్టు బాబూ" అని చెప్పి, అమ్మ పిండిని బొటనవేలితో నలిపి చూసేది, బరక తగిలితే మళ్లీ పట్టించేది.