ఐర్లాండ్ తన పిల్లల కోసం దీపం పెట్టింది, చోటు మాత్రం పెట్టలేదు

పంతొమ్మిదో శతాబ్దంలో ఐర్లాండ్ పల్లెల్లో ఎవరైనా అమెరికా బయలుదేరుతున్నారంటే ముందురోజు రాత్రి ఇరుగుపొరుగంతా ఆ ఇంట చేరేవారు. పాటలు, నాట్యాలు, మధ్యమధ్య తల్లి ఏడుపు. చనిపోయినవారి దగ్గర తెల్లవార్లూ మేలుకొని కూర్చునే ఆచారాన్నే బతికున్న పిల్లలకూ జరిపి పంపేవారు. వెళ్లినవారు తిరిగి రావడం అరుదని అందరికీ తెలుసు. ఉండిపోవాలా, తిరిగిరావాలా అన్న ప్రశ్నను సముద్రమే తేల్చేసేది.

ఇప్పుడు దాన్ని ఎవరికి వారే తేల్చుకోవాలి. సిడ్నీలో పనిచేసే ఐరిష్ నర్సు ఒకటి రెండు రోజుల్లో ఇల్లు చేరగలదు, తల్లి ముఖం రోజూ ఫోనులో చూడగలదు. అందుకే వీసా గడువు దగ్గరపడిన ప్రతిసారీ ఆ ప్రశ్న మళ్లీ లేస్తుంది. ఈ నలుగుబాటును ఇంటి బెంగ అని తేలిక చేసే రాతలు చూస్తే నాకు కోపం వస్తుంది. అందులో సగం ఆ దేశం చేతులారా పెట్టినదే.

1950ల సంగతే చూడండి. ఆ దశాబ్దంలో దాదాపు 4 లక్షల మంది దేశం విడిచారు. ఎక్కువమంది ఇంగ్లండుకు, కొందరు న్యూయార్క్, బోస్టన్‌లకు. బంగాళాదుంప పంట పోయి లక్షల మందిని బలిగొన్న మహాక్షామానికి ముందు, 1841లో, నేటి ఐర్లాండ్ రిపబ్లిక్ ఉన్న నేల మీద 65 లక్షల మంది ఉండేవారు. 1961 నాటికి మిగిలింది 28 లక్షలు. అప్పటికి బ్రిటిష్ పాలన పోయి నాలుగు దశాబ్దాలు కావస్తోంది, నింద మోపడానికి లండన్ లేదు.

వెళ్లినవారిలో పెళ్లికాని యువతులు ఇంచుమించు యువకులంత మంది ఉండటం ఐరిష్ వలస ప్రత్యేకత. చిన్న కమతం ఒక్క కొడుక్కే దక్కేది. ప్రభుత్వోద్యోగం చేసే స్త్రీ పెళ్లయితే ఆ ఉద్యోగం వదులుకోవాలన్న నిబంధన 1973 దాకా నడిచింది. విడాకులకు 1995 ప్రజాభిప్రాయ సేకరణ వరకు దారి లేదు. అలాంటి ఊరి నుంచి లండన్ చేరి, సొంత జీతంతో సొంత గది అద్దెకు తీసుకున్న అమ్మాయికి అది ప్రవాసమూ, విడుదలా కూడా. ఇంతలో అమ్మకు ఒంట్లో బాగాలేదని ఉత్తరం వచ్చేది. కొడుకుకు పొలం, కూతురికి బాధ్యత! వెళ్తే సంపాదించుకున్న స్వేచ్ఛ పోతుంది, వెళ్లకపోతే కన్నతల్లిని వదిలేసిందన్న మాట మిగులుతుంది. ఆమెది చంచలత్వమని ఎవరనగలరు?

నేటి ఐర్లాండ్ పేద దేశం కాదు. అయినా 2024 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిలో 69,900 మంది దేశం విడిచారు, వారిలో దాదాపు సగం ఐరిష్ పౌరులు. ఒక్క ఆస్ట్రేలియాకే 10,600 మంది వెళ్లారు. ఈసారి తరుముతున్నది ఆకలి కాదు, ఇళ్ల కొరత. రాజధాని డబ్లిన్‌లో జీతంలో పెద్ద ముక్క అద్దెకే పోతుంది, అదీ గది దొరికితే. అక్కడికి చదువుకు వెళ్లిన మన తెలుగు విద్యార్థులకూ ఈ బాధ అనుభవమే. ఐరిష్ నర్సులు ఆస్ట్రేలియాలోని పెర్త్‌కు విమానమెక్కుతుంటే, ఐర్లాండ్ ఆసుపత్రులు భారత నర్సుల మీద ఆధారపడుతున్నాయి.

1990లో అధ్యక్షురాలిగా ఎన్నికైన మేరీ రాబిన్సన్ తన అధికార నివాసం కిటికీలో ప్రవాసుల కోసం ఒక దీపం వెలిగించారు. గొప్ప మనసుతో చేసిన పని అది. కానీ చట్టం అంత ఉదారంగా లేదు. దేశం దాటినవారు 18 నెలల్లోగా తిరిగివచ్చే ఉద్దేశం ఉంటేనే ఓటరుగా కొనసాగగలరు, ఆ ఓటూ స్వయంగా వచ్చి వేయాల్సిందే. పాతికేళ్ల మనిషి తన జీవితం ఏ ఒడ్డున గడుస్తుందో 18 నెలల్లో తేల్చుకోవాలట! 2018లో గర్భస్రావ నిషేధం ఎత్తివేతపై ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు ఎంతోమంది సొంత ఖర్చుతో విమానాలెక్కి వచ్చి ఓటేశారు. పుట్టిన గడ్డ మీద మమకారానికి ఇంకేం రుజువు కావాలి?

2013లో ప్రవాసులను పర్యాటకులుగా రప్పించడానికి ప్రభుత్వం ఏడాది పొడవునా పండుగ చేసింది. విదేశాల్లోని పౌరులకు అధ్యక్ష ఎన్నికల్లో ఓటు ఇవ్వాలని రాజ్యాంగ మార్పులను చర్చించడానికి ఏర్పడిన రాజ్యాంగ సదస్సు సిఫార్సు చేసిందీ ఆ ఏడాదే. అందుకు 2019లో జరపాలనుకున్న ప్రజాభిప్రాయ సేకరణ వాయిదా పడింది. ఆ వాయిదాకు ముగింపు పలికి, తిరిగి రావాలనుకునేవారికి అందుబాటు అద్దెలో ఇళ్లు కట్టించడం డబ్లిన్ ప్రభుత్వం చేయగల పని, చేయాల్సిన పని.