ఫాల్ట్ కోడ్ గారికి కాశిమేడు నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ ఫాల్ట్ కోడ్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఇంజన్‌లో ఏదో తేడా వచ్చిందని దాని కంప్యూటర్ చూపించే నంబరు మీరు; మీరు తెర మీదికి వచ్చారంటేనే ఎవరికో ఒకరికి కుశలం లేనట్టు. అందుకని ఆ మాట వదిలేసి నేరుగా విషయానికొస్తున్నాను.

నేను చెన్నై కాశిమేడు రేవులో బోటు ఇంజన్ల పని చేసే మనిషిని. సొంతూరు నెల్లూరు జిల్లా. మీరు ఈ రేవులో అడుగు పెట్టకముందు నుంచీ నా చేతులకు గ్రీజే. అప్పట్లో ఇంజన్ తన బాధ తనే చెప్పుకునేది. నల్లపొగ వదిలితే గాలి చాలట్లేదనో, లోడు ఎక్కువైందనో. నీలంపొగ అయితే ఆయిల్ తాగుతోందని. స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి పిడి చెవికి పెట్టుకుంటే లోపల బేరింగ్ సణుగుడు కూడా వినిపించేది. ఏ సిలిండర్ పనిచేయడం లేదో తెలియాలంటే, ఇంజన్ నడుస్తుండగానే, సిలిండర్లోకి డీజిల్ చిమ్మే ఒక్కో ఇంజెక్టర్ పైపు నట్టు కాస్త వదులు చేసేవాళ్లం. ఏ నట్టు వదిలినప్పుడు శబ్దం మారలేదో, అదిగో, సోమరి అక్కడ దొరికేవాడు.

ఇప్పుడా పని చేస్తే చెయ్యి మిగలదు. కొత్త ఇంజన్లలో ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే కామన్ రైల్ అనే పైపులో ఒత్తిడి వెయ్యి బార్ కూడా దాటుతుంది, సన్నటి ధార చర్మంలోకి సూదిలా దిగిపోతుంది. లాప్‌టాప్ పెట్టి ఒక్కో సిలిండర్‌ని ఆపి చూడటమే మేలు. ఆ మేరకు మీ వంశానికి నమస్కారం. పొగడ్త ఇంతవరకే.

అసలు మీ పేరే ఒక తకరారు. ముందొక నంబరు, వెనకొక నంబరు. ముందుది ఏ సంగతో చెబుతుంది: 100 అంటే ఆయిల్ ప్రెషర్, 110 అంటే ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ వేడి, 190 అంటే ఇంజన్ స్పీడు. వెనకది దానికేమైందో చెబుతుంది. 100 పక్కన 1 ఉంటే ప్రెషర్ నిజంగానే పడిపోయింది, ఉన్నపళంగా ఇంజన్ ఆపాలి, లేదంటే క్రాంక్‌షాఫ్ట్ మీద ఆశ వదులుకోవాల్సిందే. అదే 100 పక్కన 4 ఉంటే, సెన్సర్ నుంచి రావలసిన వోల్టేజీ తక్కువ వస్తోందని. ఆయిల్ నిక్షేపంలా ఉండొచ్చు. మొదటిది గుండెపోటు, రెండోది ఈసీజీ మిషన్ వైరు ఊడటం. ఓనరు చెవిన పడేది మాత్రం రెండుసార్లూ ఒకటే మాట: ఆయిల్ ప్రెషర్. రెండుసార్లూ ఆయన చెయ్యి గుండె మీదికే పోతుంది.

మొన్న వేట నిషేధం రోజుల్లో మీరు చేసిన ఘనకార్యం గుర్తుందా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ రెండు నెలలూ మరబోట్లన్నీ ఒడ్డున ఉంటాయి కాబట్టి రిపేర్లతో మాకు ఊపిరి ఆడదు. అదే సమయంలో లంగరేసిన ఓడలకు సరుకులు మోసే ఒక లాంచీ, నడి నీళ్లలో ఉన్నట్టుండి స్పీడు తగ్గించేసింది. అలారం మోగుతూనే ఉంది. దాని ఓనరు మావైపు మనిషే. నేను దొరక్క, ఎక్కడినుంచో లాప్‌టాప్ కుర్రాణ్ని పిలిపించాడు. కుర్రాడు మిమ్మల్ని దర్శించుకుని మూడు పేర్లు రాసుకున్నాడు: ఆయిల్ ప్రెషర్, బూస్ట్ ప్రెషర్ (టర్బో లోపలికి తోసే గాలిది), ఫ్యూయల్ ప్రెషర్. మూడింటి పక్కనా 4. మూడు సెన్సర్లూ పోయాయన్నాడు. ఆయిల్ సెన్సర్ కొత్తది బిగించారు, మీరు కదల్లేదు. బూస్ట్‌ది మార్చారు, అయినా కదల్లేదు. అలా అయితే ఇంజన్ కంప్యూటరే పోయుంటుందన్నాడు కుర్రాడు. పైగా పోతూ పోతూ పాత కోడ్ల చిట్టా అంతా తుడిచిపెట్టేశాడు. ఏ కోడ్ ఎన్ని గంటల దగ్గర మొదట వచ్చిందో చెప్పే చిట్టా అది! దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు రాకముందే నేల తుడిచినట్టు.

కంప్యూటర్ ధర విన్నాక ఓనరుకి నా ఇల్లు గుర్తొచ్చింది.

"ఏందబ్బా ఇది, ఒక్క పూటలో మూడు సెన్సర్లు పోతాయా?"

"పోవన్నా. ఇంట్లో ముగ్గురికీ ఒకేసారి వాంతులైతే మూడు పొట్టలు చూస్తామా, వండిన గిన్నె చూస్తామా?"

తాళం తిప్పి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఆయిల్ సెన్సర్ ప్లగ్గు పీకి మల్టీమీటర్ పెట్టాను. అక్కడ 5 వోల్టులు ఉండాలి. సున్నాకి కాస్త ఎగువన మూలుగుతోంది. గిన్నె అదే. ఆ 5 వోల్టులు ఒకే చోటినుంచి బయలుదేరి సెన్సర్లన్నిటికీ పంచబడతాయి. ఇక ఒక్కో ప్లగ్గూ పీకుతూ పోయాను. బూస్ట్ పీకితే మార్పు లేదు. ఫ్యూయల్ పీకినా లేదు. మూలన కూలెంట్ ట్యాంకు మీద, ఎవరూ పట్టించుకోని లెవెల్ సెన్సర్ ఉంది. దాన్ని పీకగానే మీటరు 5కి ఎగిరి కూర్చుంది.

దాని వైరు ఇనుప బ్రాకెట్ అంచుకు రాసుకుని, రాసుకుని, పైతొడుగు అరిగిపోయింది. కనురెప్ప వెంట్రుకంత రాగి బయటపడి ఇనుముకు తగులుతోంది. అంతే రోగం. ఆ వైరును బ్రాకెట్‌కి దూరంగా పట్టి ఉంచే క్లిప్పు ఒకటుండాలి, లేదు. పోయినసారి సర్వీసులో ఎవరో విప్పి, మళ్లీ బిగించడం మరిచారు. ఆ సర్వీసు ఎవరు చేశారో ఇక్కడ రాయను, ఉత్తరం రాస్తున్నది నేనే కాబట్టి.

తరవాత లాప్‌టాప్ తగిలిస్తే తెలిసింది అసలు సంగతి. తుడిచాక మళ్లీ పడిన మీ జాబితాకి రెండో పేజీ ఉంది! కుర్రాడు కిందికి జరిపి చూడలేదు. అక్కడ అందరికంటే అడుగున 3509 పక్కన 4. అంటే, సెన్సర్లకు పోయే 5 వోల్టులే పడిపోయాయని. ఆ ఒక్క ముక్క మొదటి వరసలో చెప్పి ఉంటే రెండు సెన్సర్ల డబ్బు మిగిలేది కదయ్యా! చిన్న నంబరు ముందు, పెద్ద నంబరు వెనక అని వరసలో నిలబెడతారా? పెళ్లి భోజనాల బంతిలో కూడా అంత మొండి వరస ఉండదు.

పీకేసిన ఆయిల్ సెన్సర్ మా ఇంట్లో కరెంటు బిల్లుల మీద బరువుగా ఉంది. దానికేం రోగం లేదు, పరీక్షించాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కాశిమేడు మల్టీమీటర్ మనిషి

తా.క.: నిన్న అదే ఓనరు ఫోన్ చేశాడు. ఈసారి మీరు 97 రూపంలో వెలిశారట, డీజిల్లో నీళ్లున్నాయని. మీరు ఏం చెప్పినా అబద్ధమే అనుకుంటూ వెళ్లి, వైర్లన్నీ గంటసేపు తడిమి, చివరికి డీజిల్లోంచి నీళ్లు విడదీసే సెపరేటర్ అడుగు కుళాయి తిప్పాను. టీ గ్లాసు నిండా నీళ్లొచ్చాయి.